ఎడమ పాదం కొలత

క్వారీ, డ్రైవర్ల గదులు
ఫిబ్రవరి 4

పంతులమ్మకి అన్నయ్య రాసేది.

నేనూ మీ వదినా బాగున్నాం. పెద్దక్కే బాగాలేదు. నాన్న ఈ లారీకి పెద్దక్క అని పేరు పెట్టేనాటికి మనిద్దరం ఇంకా పుట్టలేదు. వయసు దానిది, చాకిరీ నాది.

మొన్న సోమవారం రాయి లోడుతో కొండ దిగుతుంటే నాలుగో మలుపులో మూడో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. అలా పడ్డ బండి ఎలా ఉరుకుతుందో నీకు చెప్పక్కర్లేదు. బ్రేకులన్నీ బిగించి, కొండ పక్క మట్టిలోకి ముందు చక్రం దింపి ఆపాను. ఈమధ్య రోజూ నా పక్కన కూర్చుని వస్తున్న మీ వదినకి అప్పుడు నోట మాట రాలేదు. గదికొచ్చాక మాత్రం రెండు రోజులకి సరిపడా వచ్చింది.

గేర్‌బాక్సు పని అయిపోయింది, మార్చాల్సిందే అన్నాడు మెకానిక్కు. మార్చి ఒకటిన కొత్త పని మొదలు, కింద కట్టే వంతెనకి రాయి తోలాలి. ఆ పొద్దున బండి వరసలో నిలబడకపోతే లిస్టులోంచి మన పేరు కొట్టేసి ఇంకొకరిది రాస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కించడం ఇక్కడ ఇంతవరకూ జరగలేదు.

ఏ గేర్‌బాక్సు పెట్టించమంటావో చెప్పు. ఇంట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే, అదీ బండ్ల చదువే. ఆఫీసుకి ఫోను మాత్రం చెయ్యకు. అది సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. ఆయన్ని మేం ఈలాయన అంటాం, ఎప్పుడూ నోట్లో ఈల ఉంటుందని. ఎవరికైనా ఫోనొస్తే ఈల తీసి పక్కన పెట్టి మరీ వింటాడు.

పాత సామాన్ల కొట్టులో ఫైరింజన్‌లోంచి తీసిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఒకటి ఉంది. క్లచ్చే ఉండదట. అదెలా ఉంటుందంటావు? ఊరికే అడుగుతున్నా.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నేర్పింది నువ్వే కదా.

అన్నయ్య


గేర్‌బాక్సుల షెడ్డు
ఫిబ్రవరి 8

అన్నయ్యకి,

నీ ఉత్తరం నిలబడే చదివాను, నాలుగో మలుపు దగ్గరికొచ్చేసరికి కూర్చున్నాను. ఇంకెప్పుడూ ఆ గేర్‌బాక్సుతో లోడు దించకు. ఖాళీగా కూడా వద్దు.

నీ అక్షరాలు వంకరగా లేవు. లారీ వెనక డోరు మీద సుద్దముక్కతో నేర్చుకున్నవాడికి కాగితం మీద చెయ్యి ఇంత నిలకడగా నిలవడం గొప్పే.

ఇక పనిలోకి వస్తాను. ఈ షెడ్డులో చేరి ఏడాదిన్నర అయింది కదా. మొదటి ఆరు నెలలూ పెద్ద మేస్త్రి నాచేత కిరోసిన్‌లో పళ్ళచక్రాలు కడిగించడమే తప్ప స్పానర్ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు విప్పనిస్తున్నారు, బిగించేటప్పుడు మాత్రం పక్కన నిలబడతారు. నీ సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి మాట: "ఎక్కుడికా, దిగుడికా?" దిగుడికి అన్నాను. "అయితే ఎంత లాగుతుందో అడక్కు. ఎంత పట్టి ఉంచుతుందో అడుగు" అన్నారు.

మన పాత బాక్సునే బాగుచేద్దామంటే దాని లోపలి సామాను ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. కొత్త లారీల్లో తనంతట తానే గేర్లు మార్చుకునే రకం ఒకటుంది. దానికి కంప్యూటరు కావాలి, బారెడు వైర్లు కావాలి. పెద్దక్కలో కరెంటుతో పనిచేసేవి లైట్లూ హారనూ, అవీ దాని ఇష్టం. కాబట్టి అదీ కుదరదు. మా షెడ్డులో మన ఇంజను రకానికే తరవాత వచ్చిన తొమ్మిది గేర్ల మాన్యువల్ ఒకటి ఉంది. పాతదానిలా మొండికెయ్యకుండా గేరు మెత్తగా పడుతుంది, దిగుడులో ఇంజను పట్టు చెక్కుచెదరదు. నా మనసు దాని మీదుంది.

ఆటోమేటిక్ అంటావా, అది ఎడమకాలికి సెలవిచ్చే బండి. పాపం నీ ఎడమకాలు ఏం తప్పు చేసిందని పని పీకేస్తున్నావు? నాన్న వింటే నవ్వి నవ్వి కింద పడేవాడు.

కొలతలు కావాలి. మెకానిక్కుతో పాత బాక్సు దింపించు. ఇంజను వెనక గంటలా ఉండే డొప్ప ఉంటుంది చూడు, దాని అంచుకి పెద్ద కాగితం అదిమిపట్టి బొగ్గుతో రుద్దు. బోల్టు రంధ్రాలు అచ్చు పడతాయి. తరవాత వెనక చక్రాలు రెండూ పైకి లేపి, అవి సరిగ్గా ఒక చుట్టు తిరిగేసరికి కింద షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. షాఫ్టు మీద సుద్దతో ఒక గీత పెట్టుకుంటే తేలిక. క్లచ్ ఎప్పుడు మార్చావో కూడా రాయి.

ఇంతకీ వదిన రోజూ లారీ ఎందుకెక్కుతోంది? పెళ్ళయిన ఇన్నేళ్ళకి షికార్లు మొదలుపెట్టారా ఇద్దరూ?

నీ చెల్లెలు


క్వారీ
ఫిబ్రవరి 12

పంతులమ్మకి,

బొగ్గు అచ్చు ఇందులో పెట్టాను. రంధ్రాలు పన్నెండు. కాగితం పట్టుకున్నది మీ వదిన, రుద్దింది నేను, నవ్వింది మెకానిక్కు. షాఫ్టు ఆరు చుట్లూ, ఇంకో అర కంటే కొంచెం ఎక్కువా తిరిగింది. క్లచ్ ప్లేటు, దాన్ని నెట్టే బేరింగు ఆరు నెలల కింద కొత్తవి వేయించాను. దాంతో పేచీ లేదు.

ఎడమకాలి మీద జోకు బాగుంది. మీ వదినకి చదివి వినిపించలేదు.

మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకు. ఆటోమేటిక్ ఎందుకు వద్దో సరిగ్గా చెప్పు. ఇక్కడ కాటా దగ్గర లోడు తూకానికి గంటసేపు వరస, అడుగడుక్కీ క్లచ్ తొక్కాలి. ఎండ పెరుగుతోంది. నా వయసు కూడా పెరుగుతోంది. కొట్టువాడు చెబుతున్నాడు, "అన్నా, ఫైరింజన్ అంటే ఎప్పుడోగాని తిరగదు, షెడ్డులో నిద్రపోయిన గేర్‌బాక్సిది, కొత్త పెళ్ళికొడుకులా ఉంది చూడు" అని. పెళ్ళికొడుకు తలకి తుప్పు పట్టిందేంట్రా అన్నాను. అయినా చూడ్డానికి గట్టిదే.

మీ వదిన ఊసుపోక వస్తోంది.

అన్నయ్య


గేర్‌బాక్సుల షెడ్డు
ఫిబ్రవరి 15

అన్నయ్యకి,

అచ్చు బ్రహ్మాండంగా వచ్చింది. మా తొమ్మిది గేర్ల బాక్సు మీద పరిచి చూశాం. పన్నెండు రంధ్రాల్లో పదకొండు కలిశాయి, పన్నెండోది నేను తొలుస్తాను. మేస్త్రి కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "మీ అన్న చేతి పని శుభ్రంగా ఉంది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం నేను వినడం ఇది రెండోసారి.

ఆటోమేటిక్ ఎందుకు వద్దో చెబుతాను. మాన్యువల్‌లో ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఇనుముకి ఇనుము పట్టు. దిగుడులో కాలు తీస్తే ఇంజనే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. పాత ఆటోమేటిక్‌లో ఆ మధ్యలో ఆయిలు ఉంటుంది. ఆయిలు జారుతుంది, పట్టు సగమవుతుంది. మిగతా సగం బ్రేకుల మీద పడుతుంది. ఏడు మలుపులు, నిండా రాయి. ఐదో మలుపుకి బ్రేకు డ్రమ్ములు కాలిపోతాయి, ఆరో మలుపులో నువ్వు పెడల్ తొక్కినా అది వట్టి ఇనుపముక్కే. ఇది నా భయం కాదు, లెక్క. లెక్క చేసిన కాగితం కూడా పెడుతున్నాను.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నన్ను సలహా అడిగి, కొట్టువాడి మాట వింటున్నావు. నేను చదివింది నీ కష్టం మీద. ఆ చదువు నీకే పనికిరాకపోతే ఇంకెవరికి? ఎండ అనీ వయసు అనీ వంకలు చెబుతున్నావు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే నడుం వాల్చేద్దామనా?

పాత గేర్‌బాక్సూ క్లచ్ సామానూ మొత్తం పెట్టెలో వేసి పార్సిల్ లారీలో పంపు. పనికొచ్చేవి తీసి కొత్తదానికి వాడతాను. ఇరవై ఆరుకల్లా బాక్సు నీ దగ్గరుంటుంది.

నీ చెల్లెలు


క్వారీ
ఫిబ్రవరి 18

చెల్లికి,

పెట్టె ఇవాళ పంపాను. నీ లెక్క కాగితం రెండుసార్లు చదివాను. అంకెలు అర్థమయ్యాయి, అక్షరాలు మీ వదినకి వినిపిస్తూ చదివాను.

నువ్వు చదువుకున్నదానివి. నీ మాటే. కొట్టువాడు మాత్రం ఇంకో రెండు మూడు రోజులు ఆ ఆటోమేటిక్‌ని ఎవరికీ ఇవ్వనన్నాడు.

అన్నయ్య


గేర్‌బాక్సుల షెడ్డు
ఫిబ్రవరి 21

అన్నయ్యకి,

పెట్టె నిన్న వచ్చింది. మూత తీసి గేర్‌బాక్సు విప్పాను. విప్పాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

గేరు పళ్ళు చూస్తే డ్రైవరు తెలుస్తాడంటారు మేస్త్రి. మూడో గేరు, నాలుగో గేరు పట్టుకునే చోట పళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి. కొసలు గుండ్రంగా అరిగి, ఎలకలు కొట్టినట్టున్నాయి. అందుకే లోడులో మూడో గేరు జారిపోయింది. మేస్త్రి చూసి ఒకే మాట అన్నారు: "క్లచ్ తొక్కకుండా గేర్లు వేసే చెయ్యి ఇది."

నువ్వలా నడపవు. నాన్న పక్కన కూర్చుని నువ్వు గేరు మార్చడం నేను విన్నాను. సీటులో నిద్రపోయేవాళ్ళకి మెలకువ వచ్చేది కాదు. కాబట్టి అడుగుతున్నాను. బండి ఎవరి చేతికిచ్చావు? నువ్వు గదిలో పడుకుని ఎవడో కూలి డ్రైవరుని పెట్టావా? అందుకేనా వదిన కాపలాగా బండెక్కుతోంది? అందుకేనా క్లచ్ లేని బండి కావాలంటున్నావు, వాడికి క్లచ్ తొక్కడం చేతకాదు కాబట్టి?

లేదంటే తాగి నడుపుతున్నావేమో చెప్పు. ఏదైనా సరే, నాతో చెప్పు. నేను కట్టే కొత్త బాక్సుని కూడా అదే చెయ్యి ఆరు నెలల్లో పాడుచేసేటట్టయితే నేను దాన్ని ఎందుకు కట్టాలి?

నిజం రాయి.

చెల్లెలు


క్వారీ
ఫిబ్రవరి 23

నీ ఉత్తరం అందింది.

బండి ఎవరికీ ఇవ్వలేదు. నాన్న పోయాక ఆ సీటులో నేను తప్ప ఎవడూ కూర్చోలేదు. తాగలేదు. క్లచ్ తొక్కకుండా గేర్లు వేసింది నేనే. ఇంజను జోరు చెవితో విని, సమానమైనప్పుడు వేస్తే పడుతుంది. చాలామంది వేస్తారు. ఒకోసారి గురి తప్పుతుంది, కొరుకుతుంది. అంతే.

నీ తొమ్మిది గేర్ల బాక్సు నాకొద్దు. ఆటోమేటిక్ తెచ్చేశాను. మెకానిక్కు ఎక్కిస్తున్నాడు. నువ్వు నేర్పినట్టే ఇంకో బొగ్గు అచ్చు తీశాను, అదే పనికొచ్చింది, దానికి సంతోషం. ఇరవై ఏడుకి అయిపోతుంది. ఒకటో తారీకు పొద్దున తొమ్మిదింటికి మొదటి లోడు.

నిన్ను చదివించింది నా మీద పరీక్ష పెడతావని కాదు. ఇక ఉత్తరాలు చాలు.


గేర్‌బాక్సుల షెడ్డు
ఫిబ్రవరి 26

అన్నయ్యా,

దీన్ని పోస్టులో వెయ్యడం లేదు, ఈలాయన వింటాడని ఫోనూ చెయ్యడం లేదు. మీ వైపు వచ్చే పార్సిల్ లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఒకటో తారీకు తొమ్మిదిలోపు నీ చేతిలో పెడతానని మాటిచ్చాడు. అతను ఇచ్చేసరికి నువ్వు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఆపి చదువు. అంతా చదివాకే బండి కదిలించు.

ముందు బండి సంగతి. ఫైరింజన్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి వెనక కొసన కుండలాంటి ఉబ్బు ఉంటుంది. దాన్ని రిటార్డర్ అంటారు. బ్రేకులతో పని లేకుండా, లోపల తిరిగే ఆయిలుతోనే చక్రాల జోరు తగ్గిస్తుంది. అది పనిచేస్తే నేను నీకు పంపిన లెక్క తప్పవుతుంది, ఏడు మలుపులూ దిగొచ్చు. కానీ ఆ ఆయిలు చల్లబడ్డానికి రెండు లావుపాటి గొట్టాలు బయటికెళ్ళి కూలరులో కలవాలి. కొట్టువాళ్ళు బాక్సు తీసేటప్పుడు కూలరు ఫైరింజన్‌లోనే వదిలేసి, గొట్టాల మూతులకి రేకు ముక్కలు బిగించేస్తారు. అలా మూసేస్తే రిటార్డర్ చచ్చినట్టే. బండి కిందికి దూరి చూడు. మూతులకి రేకులుంటే లోడుతో దిగకు. లిస్టులో పేరు పోతే పోనీ. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆ మాట రాశాక ఇక రెండోది రాయక తప్పదు.

నీ ఉత్తరం చదివిన కోపంలో పెట్టె అడుగున మిగిలిన క్లచ్ సామాను బయటికి తీశాను. పెడల్ తొక్కినప్పుడల్లా క్లచ్‌ని నెట్టే బేరింగు గుడ్డలో చుట్టి ఉంది. ఆరు నెలల కింద వేశానన్నావు. క్వారీలో ఆరు నెలలంటే ఎన్ని వేలసార్లు తొక్కాలి! దాని ముఖం మీద గాడి పడాలి, నీలంగా మాడాలి. కానీ అది మెరుస్తోంది. ఫ్యాక్టరీలో చెక్కిన గీతలు ఇంకా పోలేదు. మేస్త్రికి చూపించాను. ఆయన వేలితో తిప్పి, "దీన్ని ఎవరూ తొక్కలేదమ్మా" అన్నారు. ఒకోసారి తొక్కకపోవడం కాదు. అసలు తొక్కనే లేదు.

షెడ్డు వెనక పెద్దక్క ఈడు లారీ ఒకటి పడి ఉంది. ఎక్కి దాని క్లచ్ తొక్కాను. నలభైసార్లకి తొడ వణికింది. నలభై ఒకటోసారి కాలు లేవలేదు. ఆ సీటులో కూర్చునే నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. క్లచ్ ఉండదట అన్నావు, ఊరికే అడుగుతున్నానన్నావు. ఎడమకాలి జోకు బాగుందన్నావు, వదినకి వినిపించలేదన్నావు.

అన్నయ్యా, నీ ఎడమకాలికి ఏమైంది?

షాఫ్టు చుట్లు అడిగాను, బోల్టు రంధ్రాలు అడిగాను. నడిపేవాడి కొలత ఒక్కటీ అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, కాగితం మీద ఉన్నదే చూశాను. కూలి డ్రైవరన్నాను, తాగావన్నాను. తిట్టు. కానీ ముందు ఈ ప్రశ్నకి జవాబు రాయి. అది నొప్పా, బలం లేకపోవడమా, స్పర్శ లేకపోవడమా? ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది. నొప్పయితే, బలం లేకపోతే, గాలితో పెడల్‌ని తేలిక చేసే సర్వో పెట్టి నా మాన్యువలే ఎక్కిస్తాను. స్పర్శ లేకపోతే తేలిక పెడల్ కూడా పనికిరాదు. అప్పుడు నువ్వు చెప్పిందే సరి, నేను చెప్పింది తప్పు.

రేకులు చూడు. ముందు రేకులు చూడు.

నీ చెల్లి


క్వారీ
మార్చి 1

పంతులమ్మకి,

నీ ఉత్తరం ఎనిమిదీ నలభైకి అందింది. అప్పటికే నిండా లోడు ఎత్తుకుని వరసలో రెండోవాణ్ణి. పార్సిల్ లారీ అతను పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. నేను చదవడం ఎంత నెమ్మదో నీకు తెలుసు. మీ వదిన "ముందుకి జరుపు, ముందుకి జరుపు" అంటోంది. ముందున్న లారీ వెళ్ళిపోయింది. వెనక నాలుగు హారన్లు. ఈలాయన ఈల ఊదుకుంటూ వచ్చి, "ఏం నాయనా, ప్రేమలేఖా? పెళ్ళాం పక్కనే ఉందిగా!" అన్నాడు. నేను తలెత్తలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రేకులు అన్నచోటికొచ్చాను. రిటార్డర్ అనే మాటే మూడుసార్లు చదవాల్సొచ్చింది.

ఇంజను ఆపి కిందికి దూరాను. కుండ ఉంది. మూతులు రెండూ ఉన్నాయి. రెండిటికీ రేకులు ఉన్నాయి, కొత్త బోల్టులతో బిగించి.

నిన్న ఖాళీ బండితో ఒకసారి దిగాను. కిందికెళ్ళేసరికి బ్రేకులు కాలిన వాసనొచ్చింది. బ్రేకులకి కొత్త లైనింగు వేయించాం కదా, మొదట్లో అలాగే వస్తుంది అన్నాను మీ వదినతో. ఖాళీ బండికే ఆ వాసన. ఇవాళ నిండా రాయి. ఆమె పక్క సీటులో.

ఈలాయనతో దిగనన్నాను. ఎందుకన్నాడు. బ్రేకు చాలదన్నాను. లోడు దింపించి బండిని పక్కన పెట్టించాడు. పేరు ఇంకా కొట్టెయ్యలేదు, పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. పద్దెనిమిదిదాకా చూస్తానన్నాడు.

ఇక నీ ప్రశ్న. మూడోది. స్పర్శ లేదు.

పోయిన మేలో టైరు దింపుతుంటే నడుం పట్టేసింది. వారానికి ఎడమ పాదం మొద్దుబారింది. దారిలో చెప్పు జారిపోతే నాకు తెలియలేదు, వెనక వస్తున్న మీ వదిన తీసుకొచ్చి ఇచ్చింది. అప్పట్నించీ ఆమె బండెక్కుతోంది. పాదం ఉండాల్సిన చోట ఉందో, జారి బ్రేకు కిందికి పోయిందో చూసి చెప్పాలి కదా. ఉంది అంటుంది, జారింది అంటుంది. తొమ్మిది నెలలుగా లారీలో మా ఇద్దరి కబుర్లు ఆ రెండు మాటలే. నువ్వు షికార్లు అన్నావని చెబితే చాలాసేపు నవ్వింది, తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆగస్టులో కొత్త క్లచ్ వేయించినప్పట్నించీ, దాన్నీ పాడుచేస్తానని, పెడల్ జోలికే పోకుండా గేరులోనే బండి స్టార్టు చేసి, చెవితో గేర్లు వెయ్యడం మొదలుపెట్టాను. నాన్న చెవి నాకొచ్చింది గాని, సరిపోయేంత రాలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చి కూర్చుంటావు. ఈలాయన చెవిన పడితే పేరు కొట్టేస్తాడు. నీ ఉత్తరాల్లో జవాబు చెప్పకుండా దాటేసిన ప్రతిచోటా చెప్పుకోలేని సిగ్గే ఉంది. చివరి ఉత్తరంలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు పెట్టిన పరీక్షే నన్ను ఇవాళ ఆపింది.

కొలత పంపుతున్నాను. కాగితం మీద ఎడమ పాదం పెట్టి చుట్టూ గీత గీశాను. మీ వదిన పిన్నీసుతో గుచ్చుతూ పోయింది, నేను కళ్ళు మూసుకున్నాను. తెలిసినచోట చుక్క పెట్టింది. మొత్తం ఐదు చుక్కలు, అన్నీ మడమ దగ్గరే.

అన్నయ్య


గేర్‌బాక్సుల షెడ్డు
మార్చి 4

అన్నయ్యకి,

నేనే బండి కిందికి దూరి ఆ రేకులు చూస్తున్నట్టు ఉంది నాకు. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో.

ఆటోమేటికే ఉంచుదాం. నువ్వు ఎంచుకున్నది సరైన బాక్సు, కొన్నది సగం బాక్సు. నేను ఎంచుకున్నది మొత్తం బాక్సే, కాకపోతే నీది కాని కాలికి. మిగతా సగం నేను తెస్తున్నాను. కూలరు మా యార్డులో దొరికింది. గొట్టాలు కొలతకి కోయించాను. రిటార్డర్‌ని స్టీరింగు పక్కన చేతి పిడితో నడిపేలా వాల్వు మేస్త్రి సొంతంగా సిద్ధం చేశారు. మొదటిసారి నా పక్కన నిలబడకుండా, "బిగించుకొని రా" అని తన స్పానర్ల పెట్టె నా చేతికిచ్చారు. సెలవు నాలుగు రోజులే. తొమ్మిదిన దిగుతాను, పన్నెండున వెళ్ళిపోతాను.

మూడు షరతులు. నేనున్న రోజుల్లోనే ఆసుపత్రికి వెళ్ళాలి, పాదమే కాదు నడుమూ చూపించాలి. ఈలాయనకి నువ్వే చెప్పాలి, కాలి సంగతి దాచి ఏ బండీ నడపకూడదు. ఇవాళ్టి నుంచి నాకు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఆ పాదం కొలత ఉండాలి.

నీ పాదం అచ్చుని నా బల్ల పైన బొగ్గు అచ్చు పక్కనే అంటించాను. మేస్త్రి వచ్చి చూసి, "ఇది ఏ బండిదమ్మా?" అన్నారు. మా అన్నయ్యదన్నాను. ఆయన చాలాసేపు చూసి, "సామాను దొరుకుతుందేమో కనుక్కో" అన్నారు. అది ఆయన ఓదార్పు.

వదినకి చెప్పు, ఆమె చెప్పే ఆ రెండు మాటలూ ఇక నేను వింటాను.

నీ చెల్లి


క్వారీ
మార్చి 19

పంతులమ్మకి,

నువ్వు బస్సెక్కాక మూడో రోజుదాకా ఈలాయనతో చెప్పే ధైర్యం రాలేదు. మీ వదిన, "నువ్వు చెబుతావా, నేను ఫోను దగ్గర నిలబడి అందరికీ వినపడేలా చెప్పనా?" అంది. వెళ్ళి చెప్పాను. ఈల తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్నాళ్ళనించి అన్నాడు. తొమ్మిది నెలలన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఆ తొమ్మిది నెలల్లో ఆ దారిన ఎంతమంది నడిచారో లెక్కపెడుతున్నట్టు కిటికీ బయటికి చూశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరికి, "దిగి చూపించు. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

నిన్న సగం లోడుతో దిగాను. మీ వదిన పైనే ఉండిపోయింది, ఆమె సీటులో ఈలాయన. మొదటి మలుపులో నువ్వు బిగించిన పిడి లాగాను. పెద్దక్క గట్టిగా మూలిగి, ఎవరో వెనకనించి చొక్కా పట్టుకున్నట్టు నెమ్మదించింది. ఏడు మలుపుల్లో బ్రేకు రెండుసార్లే తొక్కాను, అదీ కుడికాలితో. కింద ఆగాక ఆయన దిగి ప్రతి డ్రమ్ము మీదా చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి కాలలేదు.

తరవాత అడిగాడు: "ఆ ఎడమకాలితో మలుపు మలుపుకీ ఏం తొక్కుతున్నావయ్యా?" నాకు అర్థం కాలేదు. కిందికి చూశాను. క్లచ్ పెడల్ తీసేసి నువ్వు రేకు వేసిన చోట చెప్పు ముద్ర పడి ఉంది. నాన్న నేర్పిన అలవాటు కాలు మర్చిపోలేదు. తొక్కుతున్నట్టు నాకే తెలియదు.

ఆసుపత్రి కాగితం వచ్చేదాకా సగం లోడే అన్నాడు. నా పేరు చుట్టూ పెన్సిలు గీత అలాగే ఉంది. చెరపలేదు, కొట్టెయ్యలేదు. డాక్టరు నడుముకి ఆపరేషన్ చేస్తే పాదం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. వచ్చే నెల పదికి రమ్మన్నాడు. వెళతాను.

కొలత ఇందులో ఉంది. పొద్దున మీ వదిన మొత్తం పాదం గుచ్చింది. ఈసారి ఆరో చుక్క పెట్టి పంపుదామనుకున్నాను, నువ్వు సంతోషిస్తావని. పెన్ను కాగితం మీద ఆనించాను కూడా.

పెట్టలేదు. ఐదే ఉన్నాయి.

అన్నయ్య